ఏ చెత్త ఏ డబ్బాలో? ఆసుపత్రి డబ్బాల గురించి అందరూ తెలుసుకోవలసిన సంగతులు

ఉదయం తొమ్మిది గంటలకు ఓ.పి. హాలులో కూర్చున్న వారి చేతుల్లో ఏమేమి ఉంటాయో చూడండి. ఒకరి చేతిలో ఇడ్లీ పొట్లం, ఒకరి చేతిలో కొబ్బరి బోండం, మరొకరి చేతిలో టీ కప్పు. చంటిపిల్లల తల్లి దగ్గర బిస్కెట్ ప్యాకెట్, నీళ్ళ సీసా. రక్తపరీక్ష చేయించుకుని వచ్చిన పెద్దాయన మోచేతి మడతలో చిన్న దూది ఉండ. మధ్యాహ్నానికల్లా ఇవన్నీ చెత్త అవుతాయి.

కానీ ఇవన్నీ ఒకే రకం చెత్త కాదు. ఇడ్లీ కట్టిన ఆకు మంచి ఎరువు అవుతుంది. నీళ్ళ సీసా కరిగి ఇంకొక వస్తువు అవుతుంది. రక్తం అంటిన దూది మాత్రం ఎవరి చేతికీ తగలకుండా వెళ్ళి కాలిపోవాలి. ఈ మూడూ ఒకే డబ్బాలో పడితే ఆకు ఎరువుకు పనికిరాదు, సీసాను ఎవరూ తీసుకోరు, దూదిలోని ప్రమాదం మిగిలిన వాటన్నిటికీ అంటుకుంటుంది.

ఇంట్లో అయితే కలిసిపోయిన చెత్తను తర్వాత తీరికగా వేరు చేసుకోవచ్చు. ఆసుపత్రిలో ఆ వీలు లేదు. ఒకసారి డబ్బాలో పడిన దాని మీద ఇంకొకరు చేయి పెట్టకూడదు. ఆసుపత్రి చెత్తను వేరు చేయగలిగిన చేయి ఒక్కటే, అది వేసేవారి చేయి. ఆ చేయి డబ్బా ముందు ఆగేది రెండు మూడు క్షణాలు మాత్రమే. అందుచేత ఆ రెండు క్షణాల్లోనే సంగతి తెలిసిపోయేటట్లు డబ్బాను అమర్చవలసిన బాధ్యత మాది. చూసి వేయవలసిన బాధ్యత మనందరిది. ఈ రెండింటి గురించీ ఈ సంచికలో వివరిస్తున్నాము.

ఆసుపత్రి చెత్త అంతా ప్రమాదకరమా?

కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆసుపత్రులలో వచ్చే చెత్తలో సుమారు 85 శాతం మామూలు చెత్తే. కాగితాలు, అట్టపెట్టెలు, పండ్ల తొక్కలు, మిగిలిన అన్నం వంటివి. మిగిలిన 15 శాతంలోనే రోగక్రిములు, రసాయనాలు లేదా గుచ్చుకునే వస్తువులు ఉంటాయి.

ఈ లెక్క వినడానికి ధైర్యంగానే ఉంటుంది. అయితే ఒక బుట్ట బత్తాయి తొక్కల మీద రక్తపు గుడ్డ ఒక్కటి పడినా ఆ బుట్ట అంతటినీ ప్రమాదకరమైన చెత్తగానే చూడాలి. తొక్కలను వేరుగా తీయమని మేము ఏ ఆయమ్మకూ చెప్పలేము. ఎరువు కావలసిన తొక్కలు కూడా కాలిపోవలసిందే. ఆ కాల్చడానికి అయ్యే ఖర్చు చివరకు ఆసుపత్రి మీద, అంటే రోగుల మీదే పడుతుంది.

నాలుగు రంగుల అర్థం

మన దేశంలో ఆసుపత్రి చెత్తకు ప్రత్యేకమైన నియమాలు మొదట 1998లో వచ్చాయి. వాటి స్థానంలో 2016 మార్చిలో కొత్త నియమాలు వచ్చాయి. పెద్ద ఆసుపత్రి అయినా, పల్లెటూరి చిన్న క్లినిక్ అయినా ఇవి వర్తిస్తాయి. వీటి ప్రకారం వైద్య చెత్త నాలుగు రంగులుగా వేరు కావాలి.

పసుపు: రక్తం, చీము అంటిన దూది, కట్టు గుడ్డలు, పిండికట్లు, కాన్పులో వచ్చిన మాయ, ఆపరేషనులో తీసిన భాగాలు, గడువు దాటిన మందులు. వీటిలో ఎక్కువ భాగాన్ని పెద్ద కొలిమిలో కాలుస్తారు. మామూలు మంట చాలదు. కొలిమిలోని రెండవ గదిలో వేడి సుమారు 1050 డిగ్రీల సెల్సియస్ ఉండాలని నియమం.

ఎరుపు: సెలైన్ గొట్టాలు, సెలైన్ సీసాలు, మూత్రపు సంచులు, క్యాథెటర్లు, గ్లౌజులు, సూది తీసిన సిరంజిలు. అంటే రోగికి వాడిన ప్లాస్టిక్, రబ్బరు సామాను. వీటిని కాల్చరు. ఆవిరితో క్రిములను చంపి, ముక్కలు ముక్కలుగా కోసి, అనుమతి ఉన్న ప్లాస్టిక్ కర్మాగారాలకు పంపుతారు.

తెలుపు: సూదులు, బ్లేడులు. ఇవి సంచిలో కాదు, గుచ్చినా చిల్లు పడని గట్టి డబ్బాలో వేస్తారు.

నీలం: మందుల గాజు సీసాలు, పగిలిన ఆంప్యూళ్ళు, శరీరంలో అమర్చి తీసిన లోహపు ముక్కలు.

ఎరుపులో వేయవలసిన గొట్టం పసుపులో వేస్తే ఏమవుతుందని కొందరు అడుగుతుంటారు. సెలైన్ గొట్టాలలో చాలావాటిని పి.వి.సి. అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. అది కాలినప్పుడు డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుట్టవచ్చు. అవి గాలిలో కలిసి, గడ్డి మీద పడి, పశువుల పాల ద్వారా తిరిగి మన ఇంటికే వస్తాయి. కాబట్టి గొట్టం కాలకూడదు, దూది కాలాలి.

సిరంజిని ఎందుకు ముక్కలు చేయాలో కూడా చెప్పుకోవాలి. గుజరాత్‌లోని మొదాసా పట్టణంలో 2009లో హెపటైటిస్ బి ప్రబలి అనేకమంది చనిపోయారు. వాడిన సిరంజిలు, సూదులను మళ్ళీ మళ్ళీ వాడడమే దానికి కారణమని విచారణలో బయటపడింది. వాడిన సిరంజి మరలా ఎవరికీ ఉపయోగపడని స్థితిలోనే ఆసుపత్రి గేటు దాటాలి.

ఆసుపత్రి నుండి వెళ్ళే ప్రతి సంచికి బార్‌కోడు ఉంటుంది. దానిని తూచి రాస్తారు. కట్టు గుడ్డల వంటి చెత్తను శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి నిలువ ఉంచకూడదు.

ఇంట్లో నీలం వేరు, ఇక్కడి నీలం వేరు

మన కుటుంబాలు చాలా వరకు రంగు డబ్బాలకు అలవాటు పడ్డాయి. హైదరాబాదులో 2015లో ఇంటింటికీ రెండు డబ్బాలు పంచారు, తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో క్లాప్ కార్యక్రమం కింద పట్టణాలలోని ఇళ్ళకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు అని మూడు డబ్బాలు ఇచ్చారు. ఎరుపు డబ్బా ఇంట్లోని ప్రమాదకర చెత్తకు.

ఇప్పుడు చిక్కు ఎక్కడ వస్తుందో చూడండి. ఇంట్లో నీలం అంటే కాగితం, సీసా. వైద్య చెత్తలో నీలం అంటే పగిలిన గాజు. ఇంట్లో ఎరుపు అంటే పాడైన బల్బు, పురుగుమందు డబ్బా. ఇక్కడ ఎరుపు అంటే సెలైన్ గొట్టం. ఇంటి దగ్గర బాగా నేర్చుకుని శ్రద్ధగా పాటించే మనిషే ఇక్కడికి వచ్చి పొరపాటు పడవచ్చు. అందులో ఆ మనిషి తప్పు లేదు, రంగులే రెండు రకాలుగా మాట్లాడుతున్నాయి.

మాటతో కూడా ఒక చిక్కు ఉంది. “పచ్చ డబ్బాలో వేయండి” అని సిస్టరు చెబితే ఒకరికి అది ఆకుపచ్చ, ఇంకొకరికి పసుపుపచ్చ. రెండింటినీ “పచ్చ” అనే వాడుక మన ఊళ్ళలో ఉన్నదే. ఒక డబ్బా ఎరువుకు వెళుతుంది, ఇంకొకటి కొలిమికి వెళుతుంది. అందుకే “పచ్చ” అని ఊరికే అనకుండా “పసుపు”, “ఆకుపచ్చ” అని పూర్తిగా చెప్పాలని సిస్టర్లకు, నర్సింగ్ విద్యార్థినులకు నేర్పుతున్నాము.

పైగా మగవారిలో కొందరికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. కంటిలో శుక్లాలు ఉన్న పెద్దవారికి రంగులు మసకగా కనబడతాయి. కాబట్టి రంగు ఒక్కటే చాలదు. డబ్బా ఎక్కడ ఉంది, దాని నోరు ఎలా ఉంది, దాని మీద ఏ బొమ్మ ఉంది అనేవి కూడా సాయం పట్టాలి.

డబ్బా ఎక్కడ ఉండాలి?

మొదటి సూత్రం, వైద్య చెత్త డబ్బాలు, హాలు డబ్బాలు ఒకే చూపులో కనబడకూడదు. వైద్య చెత్త రంగులు ఇంజెక్షన్ గది, డ్రెస్సింగ్ గది, కాన్పుల గది, సిస్టరు ట్రాలీ దగ్గర మాత్రమే ఉండాలి. రోగులు, బంధువులు తిరిగే హాలులో తడికి ఆకుపచ్చ, పొడికి నీలం, ఇంటిలో ఉన్నట్లే. అప్పుడు రెండు నీలాలు ఎదురుపడవు.

రెండవ సూత్రం, చేతిలోని వస్తువు ఎక్కడ పని అయిపోతుందో అక్కడ డబ్బా ఉండాలి. రక్తం తీసిన తర్వాత దూదిని కొన్ని నిమిషాలు అదిమి పట్టుకోమంటాము. లేబొరేటరీ గది లోపల పసుపు డబ్బా ఉన్నా, ఆ నిమిషాలు గడిచేసరికి మనిషి హాలులోకి వచ్చేస్తాడు. అక్కడ టీ కప్పుల డబ్బాయే కనబడుతుంది, దూది అందులో పడుతుంది. దీనికి మందు పెద్ద బోర్డు కాదు, లేబొరేటరీ తలుపు పక్కన ఒక బెంచీ. “దూది అదిమి పట్టుకుని ఇక్కడే కూర్చోండి” అనే మాట, బెంచీ పక్కనే కాలితో తెరిచే పసుపు డబ్బా. వైద్య చెత్త రంగు గది బయట ఉండవలసిన చోటు ఇది ఒక్కటే. టీ కప్పు సంగతీ అంతే. టీ అమ్మే చోట కాదు, తాగడం ముగిసే చోట డబ్బా కావాలి.

మూడవ సూత్రం, హాలులో ఏ డబ్బా ఒంటరిగా ఉండకూడదు. ఆకుపచ్చ, నీలం ఎప్పుడూ జంటగా పక్కపక్కనే ఉండాలి. ఒంటరి డబ్బా ఏ రంగుదైనా అందులో అన్నీ పడతాయి. రెండవ డబ్బా కోసం చెత్త పట్టుకుని నలభై అడుగులు నడిచే ఓపిక రోగికి ఉండదు, రోగితో వచ్చినవారికీ ఉండదు. దగ్గరతనానికి ఎంత బలం ఉందో కెనడాలో జరిగిన ఒక పరిశోధన చూపింది. అపార్టుమెంటులలో తడి చెత్త డబ్బాను కింద ఒక్క చోటే ఉంచకుండా ప్రతి అంతస్తులోనూ పెట్టినప్పుడు జనం వేరు చేసి వేసిన తడి చెత్త 70 శాతం పెరిగింది. మనుషులు వారే, డబ్బా దగ్గరకు వచ్చింది.

డబ్బా నోరు మాట్లాడాలి

డబ్బా మూతకు ఉన్న రంధ్రం ఏ ఆకారంలో ఉందో, అదే “నాలో ఇది వేయండి” అని చెబుతుంది. సీసాలకు గుండ్రని రంధ్రం, కాగితాలకు సన్నని పొడుగు సందు, తడి చెత్తకు వెడల్పాటి నోరు. ఇది మేము ఊహించి చెబుతున్న మాట కాదు. అమెరికాలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ విషయం మీద చేసిన పరిశోధన 2009లో ప్రచురితమైంది. డబ్బాలకు వస్తువు ఆకారాన్ని బట్టి రంధ్రాలు ఉన్న మూతలు పెట్టినప్పుడు, రీసైక్లింగ్ డబ్బాలో పడిన సీసాలు, క్యాన్లు 34 శాతం పెరిగాయి. ఆ డబ్బాలో పడకూడని చెత్త 95 శాతం తగ్గింది. ఒక్క మూత మార్పుతో వచ్చిన ఫలితం ఇది.

అయితే మన హాలులోని చెత్త అమెరికా చెత్త కాదు. మనకు కొబ్బరి బోండం ఉంది. అది ఏ రంధ్రంలోనూ పట్టదు. మూత పైన పెట్టి వెళితే డబ్బా మూసుకుపోతుంది, తర్వాత వచ్చినవారు చెత్తను నేల మీద పెడతారు. బోండానికి హాలు బయట కప్పు కింద వేరే పెద్ద గంప ఉండాలి. గంపలో వేసే ముందు బోండాన్ని రెండుగా చీల్చి బోర్లించాలి. వర్షపు నీరు నిలిచిన చిప్పలో డెంగీ దోమ గుడ్డు పెడితే వారం, పది రోజులలో దోమ ఎగిరిపోతుంది. జ్వరం తగ్గించుకోవడానికి వచ్చిన చోట జ్వరాన్ని పెంచకూడదు కదా.

రెండవది సగం తాగిన టీ. కప్పుతో పాటు మిగిలిన టీ నీలం డబ్బాలో పడితే లోపలి కాగితాలన్నీ తడిసి పనికిరాకుండా పోతాయి. డబ్బాల జంట పక్కన జల్లెడ మూత ఉన్న చిన్న బకెట్టు పెడితే చాలు. ముందు టీ అందులో వంపి, తర్వాత కప్పును నీలంలో వేయవచ్చు. కాగితపు కప్పు లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది గనుక దానిని తడి చెత్తలో వేయకూడదు, అది ఎరువు కాదు.

తడి చెత్తకు ఈగలు వాలకుండా మూత తప్పనిసరి. కానీ చేత్తో ఎత్తవలసిన మూత అయితే ఎవరూ ముట్టుకోరు, చెత్తను మూత మీద పెట్టి పోతారు. అది ఒక విధంగా మంచి అలవాటే, ఆసుపత్రిలో చెత్తడబ్బా మూతను చేత్తో ముట్టుకోమని మేమూ చెప్పము. కాలితో నొక్కే మూత ఉండాలి.

బొమ్మలు, గుర్తులు

డబ్బా మీద ఇరవై వస్తువుల పేర్లు రాస్తే ఎవరూ చదవరు. నాలుగు బొమ్మలు చాలు. అవి మన హాలులో నిజంగా కనబడేవి కావాలి. నీలం మీద నీళ్ళ సీసా, బిస్కెట్ కవరు, టీ కప్పు, కాగితం. ఆకుపచ్చ మీద అరటి తొక్క, ఇడ్లీ ఆకు, మిగిలిన అన్నం, పూలు. జనం నిలబడితే డబ్బా కనబడదు కాబట్టి అదే బొమ్మ గోడ మీద కంటి ఎత్తున కూడా ఉండాలి.

వైద్య చెత్త డబ్బాల మీద మూడు కొడవళ్ళు ఒక ఉంగరం చుట్టూ కలిసినట్లు ఉండే నల్ల గుర్తును మీరు చూసి ఉంటారు. దీనిని 1966లో అమెరికాలోని డౌ కెమికల్ సంస్థలో తయారు చేశారు. చూసినవారికి బాగా గుర్తుండిపోవాలి, కానీ అప్పటి వరకు దానికి ఏ అర్థమూ ఉండకూడదు అని వెతికి మరీ ఎంచుకున్నారు. అప్పుడే దానికి ఒకే అర్థం నేర్పించవచ్చని వారి ఆలోచన. అంటే ఈ గుర్తు దానంతట అది ఎవరికీ అర్థం కాదు, ఎవరో ఒకరు చెప్పాలి. ఇదిగో, చెబుతున్నాము. ఆ గుర్తు ఉన్న డబ్బాలో, సంచిలో రోగక్రిములు ఉండవచ్చు. ముట్టుకోకండి, మీ చెత్త అందులో వేయకండి, పిల్లలను దగ్గరకు పోనివ్వకండి. మీ ఇంటి పిల్లలకు ఈ గుర్తు చూపించి చెప్పండి.

ఆ సంచి ఎత్తే చేతులు

ఇంత చిన్న విషయానికి ఇంత వివరం ఎందుకని మీకు అనిపించవచ్చు. ఉదయం ఆరు గంటలకు సంచులు మార్చే ఆయమ్మలు, స్వీపరు అన్నలే దానికి కారణం.

కాగితాల సంచిలో ఒక్క సూది ఉన్నదనుకోండి. సంచి ఎత్తేటప్పుడు అది కాలికో, అరచేతికో గుచ్చుకుంటుంది. ఆ సూది హెపటైటిస్ బి ఉన్న రోగికి వాడినదై, గుచ్చుకున్న వ్యక్తి టీకా వేసుకోనివారైతే, అటువంటి 100 మందిలో 6 నుండి 30 మందికి ఆ జబ్బు వచ్చే అవకాశం ఉంది. హెపటైటిస్ సి అయితే 100లో సుమారు ఇద్దరికి, హెచ్.ఐ.వి. అయితే 1000లో సుమారు ముగ్గురికి. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బ్రతికి ఉండగలదు. నిన్నటి సూది కదా, ఆరిపోయింది కదా అనుకోవడానికి వీలు లేదు.

లెక్కల కంటే ఎదురుచూపు ఎక్కువ బాధ పెడుతుంది. అది ఎవరి సూదో తెలియదు. వెంటనే రక్తపరీక్ష చేయాలి, మళ్ళీ 6 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు చేయాలి. మందులు మొదలుపెడితే 28 రోజులు వాడాలి, వాటితో వికారం, నీరసం వస్తాయి. ఆ ఆరు నెలలు ఆమె భర్తకు ఏమి చెప్పాలి, చంటిబిడ్డకు పాలివ్వవచ్చా అని మనసులో కుమిలిపోతుంది. ఇదంతా ఎవరో రెండు క్షణాలు ఆగకపోవడం వలన.

ఆసుపత్రిలో పని చేసే అందరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని 2016 నియమాలు చెబుతున్నాయి. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు. హెపటైటిస్ సి కి, హెచ్.ఐ.వి. కి మాత్రం టీకా లేదు. వాటి విషయంలో ఆ చేతులను కాపాడేవి రెండే, గట్టి గ్లౌజులు, సరైన డబ్బాలో పడిన సూది.

ఎవరికైనా సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బు, నీళ్ళతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, యాసిడ్, బ్లీచింగ్ పోయకూడదు. సిగ్గుపడక, భయపడక వెంటనే డాక్టరు దగ్గరకు రావాలి. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందులు రెండు గంటలలోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటకూడదు.

డబ్బా నిండే వరకు ఆగకూడదు

సంచి మూడు వంతులు నిండగానే మూతి కట్టాలి. పై వరకు నిండితే పైన పెట్టిన చెత్త జారి పక్క డబ్బాలో పడుతుంది. లోపలి చెత్తను చేత్తో గాని, కాలితో గాని అదమకూడదు. సూది అప్పుడే గుచ్చుకుంటుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. మీరు శ్రద్ధగా రెండు డబ్బాలలో వేసిన చెత్తను మీ కళ్ళ ముందే ఎవరైనా ఒకే బండిలో గుమ్మరిస్తే మీకు ఏమనిపిస్తుంది? రేపటి నుండి మీరు వేరు చేయరు. అందుచేత బండ్లు వేరు, తీసుకువెళ్ళే వేళలు వేరు, నిలువ గదులు వేరు ఉండాలి. అలా లేదని ఎక్కడైనా కనబడితే మాకు చెప్పండి, మీరు చెప్పడం మాకు సాయమే.

ఏ డబ్బాలో ఏది తప్పుగా పడుతోందో అందరికంటే బాగా తెలిసినది శుభ్రం చేసేవారికి. వారిని అడగాలి. ఒకే డబ్బాలో ఒకే వస్తువు పదే పదే తప్పు పడుతోందంటే జనాన్ని కోప్పడి లాభం లేదు. డబ్బా చోటు మార్చాలి, లేదా మూత మార్చాలి, లేదా బొమ్మ మార్చాలి.

మీరు చేయవలసినవి

వార్డులో ఉన్నప్పుడు: మీ మంచం దగ్గర ఊడిన కట్టు, తీసిన సెలైన్ గొట్టం, నేల మీద పడిన సూది కనబడితే ముట్టుకోకండి. సిస్టరును పిలవండి. “ఇంత చిన్నదానికి పిలవాలా?” అని మొహమాటపడవద్దు.

కాన్పు వార్డులో: రక్తం అంటిన ప్యాడ్లను బాత్‌రూములో పడేయకుండా అక్కడ ఉన్న పసుపు డబ్బాలో వేయండి. దొడ్డిలో వేస్తే గొట్టాలు మూసుకుపోతాయి, వాటిని చేత్తో తీయవలసినవాడు కూడా మనిషే.

హాలులో: టీ వంపి కప్పు నీలంలో వేయండి. ఆకు, తొక్క, అన్నం ఆకుపచ్చలో వేయండి. రక్తపు దూది లేబొరేటరీ బెంచీ పక్కన పసుపులో మాత్రమే వేయండి. అనుమానం వస్తే అడగండి.

ఇంట్లో ఇన్సులిన్ తీసుకునేవారు: వాడిన సూదిని చెత్తబుట్టలో గాని, రోడ్డు మీద గాని వేయకండి. మందమైన ప్లాస్టిక్ సీసా, మర మూత ఉన్నది, షాంపూ సీసా లాంటిది ఒకటి పెట్టుకోండి. సూదిని నేరుగా అందులో వేయండి. మూడు వంతులు నిండాక మూత బిగించి, టేపు చుట్టి, పైన “సూదులు” అని రాసి, మరుసటి చెకప్‌కు వచ్చినప్పుడు ఓ.పి. ఇంజెక్షన్ గదిలో సిస్టరుకు ఇవ్వండి. పిల్లలకు అందకుండా ఉంచండి.

ఇంటి చెత్త: 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు ఇంటి చెత్తను మూడుగా వేరు చేయమన్నాయి. 2026 నియమాలు నాలుగుగా చేయమంటున్నాయి. తడి, పొడి, డైపర్లు, ప్యాడ్ల వంటి శానిటరీ చెత్త, మందులు, బల్బులు, రంగు డబ్బాల వంటి ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త. డైపర్లను, ప్యాడ్లను కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి. చెత్త బండి అక్క వాటిని విప్పవలసిన అవసరం రాకూడదు.

సంఘ విందులలో కూడా

ఈ సూత్రాలు ఆసుపత్రికి మాత్రమే కావు. సంఘ హాలులో క్రిస్మస్ విందు, పెళ్ళి భోజనం, బడిలో వార్షికోత్సవం, ఎక్కడ పదిమంది కలిసినా ఇదే సమస్య. ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, థర్మాకోల్ పళ్ళేలు 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. విస్తరాకులు, అరటి ఆకులు, స్టీలు గ్లాసులు వాడితే సగం చెత్త ముందే తగ్గిపోతుంది.

డబ్బాలను భోజనాల బల్లల మధ్య పెట్టకండి. చేతులు కడుక్కునే చోటికి వెళ్ళే దారిలో వరుసగా పెట్టండి. మొదట మిగిలిన అన్నం, కూరలు వేసే బకెట్టు, తర్వాత ఆకుల గంప, తర్వాత సీసాల డబ్బా, చివర గ్లాసుల తొట్టి. చేతిలోని వస్తువులు ఏ వరుసలో ఖాళీ అవుతాయో డబ్బాలు కూడా ఆ వరుసలోనే ఉండాలి. మొదటి పంక్తి లేచేటప్పుడు యువకులు ఇద్దరు పక్కన నిలబడి “అన్నం ఇక్కడమ్మా, ఆకు అక్కడ” అని చెబితే చాలు. రెండవ పంక్తివారు ముందువారిని చూసి వేస్తారు. ఎదుటివారు చేసినట్లు చేయడం మనుషుల స్వభావం.

సండే స్కూలు పిల్లలకు డబ్బాల బొమ్మలు గీసే పని అప్పగించండి. వారు గీసిన బొమ్మ ఉన్న డబ్బాలో వారి తల్లిదండ్రులు తప్పుగా వేయడానికి వెనుకాడతారు.

చివరిగా ఒక మనవి. తెలియనప్పుడు ఏదో ఒక డబ్బాలో వేసి వెళ్ళిపోకండి. చేతిలో పట్టుకుని దగ్గరలో ఉన్న సిస్టరును గాని, ఆయమ్మను గాని అడగండి. “ఇది ఎందులో వేయాలమ్మా?” అని ఎన్నిసార్లు అడిగినా మేము విసుక్కోము. సంచి ఎత్తే చేతులకు ఆ ప్రశ్న గ్లౌజుల కంటే ముందుగా అందే రక్షణ.